ఇంటి ముందు సదాబహార్, ఆస్పత్రిలో విన్‌క్రిస్టిన్: ఆకుకీ దవాకీ మధ్య దూరమెంత?

ఆలంపూర్: జోగుళాంబ గుడి, షా అలీ పహిల్వాన్ దర్గా పక్కపక్కనే ఉన్న ఈ తుంగభద్ర ఒడ్డు ఊళ్ళో ఒకే మొక్కని రెండు పేర్లతో పిలుస్తారు. తెలుగులో బిళ్ళగన్నేరు, ఉర్దూలో సదాబహార్. నీళ్ళు పోసినా పోయకున్నా బతుకుతుంది, ఏడాది పొడుగునా పూస్తుంది, పశువులు పెద్దగా ముట్టవు. ఇళ్ళ ముందు, ఖబరస్తాన్ గోడల పక్కన, బడి ఆవరణల్లో ఎక్కడైనా కనపడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు పొద్దున్నే దీని ఆకు నమలడం పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పాత అలవాటే.

ఇదే మొక్క నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ అనే మందుని బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకి ప్రపంచమంతా ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. ఈ మాట నిజం. కానీ ఈ నిజాన్ని పట్టుకొని వాట్సాప్‌లో ఇంకో మాట తిరుగుతోంది. ‘ఆకులోనే మందు ఉంటే ఆస్పత్రికి ఎందుకు, కీమోకి లక్షలు ఎందుకు’ అని. క్యాన్సర్ అని రిపోర్టు వచ్చిన ఇంట్లో, భయంలో, డబ్బుల ఇబ్బందిలో ఈ మాట చాలా తియ్యగా వినపడుతుంది. అందుకే ఆకుకీ దవాకీ మధ్య అసలు దూరమెంతో లెక్క చూసుకోవడం అవసరం.

262 మంది డాక్టర్లు ఎందుకు మాట్లాడారు?

2024 నవంబర్‌లో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ ప్రెస్‌మీట్ పెట్టి, నాలుగో దశ క్యాన్సర్ నుంచి తన భార్య కోలుకోవడంలో నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకు, తులసి, చక్కెర మానెయ్యడం లాంటి ఆహార నియమాలు పెద్ద పాత్ర పోషించాయని చెప్పారు. వీడియో దేశమంతా తిరిగింది. ఆమెకి ఆపరేషన్, కీమో జరిగిన సంగతి మాత్రం వీడియో చూసిన చాలామంది చెవికి ఎక్కలేదు. రెండు మూడు రోజుల్లోనే ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రిలో పనిచేస్తున్న, గతంలో పనిచేసిన 262 మంది క్యాన్సర్ వైద్యులు ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. ఈ పదార్థాల్లో కొన్నింటి మీద పరిశోధన జరుగుతున్న మాట వాస్తవమే గానీ, క్యాన్సర్‌కి మందుగా వాడమని చెప్పేంత రుజువు ఇప్పటికి లేదని, వీటిని నమ్మి వైద్యం ఆలస్యం చెయ్యొద్దని దాని సారాంశం. తర్వాత సిద్ధూ కూడా డాక్టర్ల సలహాతోనే ఆ నియమాలు పాటించామని వివరణ ఇచ్చుకున్నారు.

ఆ ప్రకటనలో ‘పరిశోధన జరుగుతోంది’ అన్న మాటనీ, ‘మందుగా రుజువు కాలేదు’ అన్న మాటనీ విడదియ్యకుండా కలిపి చదవాలి. బిళ్ళగన్నేరు కథ ఆ రెండు మాటల మధ్య నడిచిందే.

షుగర్ కోసం వెతికితే క్యాన్సర్ మందు దొరికింది

1952లో కెనడాలో క్లార్క్ నోబెల్ అనే డాక్టర్‌కి జమైకా నుంచి ఒక కవరు వచ్చింది. అందులో కొన్ని బిళ్ళగన్నేరు ఆకులు ఉన్నాయి. అక్కడి జనం షుగర్‌కి వీటి కషాయం తాగుతారని, ఏమైనా పనికొస్తుందేమో చూడమని ఆయన పేషెంట్ ఒకరు పంపారు. ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో పరిశోధకుడైన తన తమ్ముడు రాబర్ట్ నోబెల్‌కి ఇచ్చారు.

ఆకుల సారాన్ని నోటి ద్వారా ఎలుకలకి ఇచ్చి చూస్తే షుగర్ తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే మాత్రం ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చనిపోవడం మొదలుపెట్టాయి. ఎందుకని వెతికితే వాటి తెల్ల రక్తకణాలు పడిపోయాయని, ఎముక మజ్జ దెబ్బతిందని తేలింది. మామూలుగా అయితే అది విషమని పక్కన పడేస్తారు. రాబర్ట్ నోబెల్ అట్లా పడెయ్యలేదు. బ్లడ్ క్యాన్సర్‌లో అదుపు లేకుండా పెరిగేది ఆ తెల్ల కణాలే కదా, వాటిని తగ్గించే పదార్థం అక్కడ పనికొస్తుందేమో అని ఆలోచించారు. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ని వేరు చేశారు. అదే కాలంలో అమెరికాలోని ఎలై లిల్లీ కంపెనీ కూడా ఇదే మొక్క మీద పనిచేసి విన్‌క్రిస్టిన్ తీసింది. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది.

జనం చెప్పింది షుగర్ గురించి, ల్యాబ్‌లో దొరికింది క్యాన్సర్ మందు. అంటే పెద్దల అనుభవం ‘ఈ మొక్కలో ఏదో ఉంది, ఇక్కడ వెతుకు’ అని చూపించింది. ఏముంది, దేనికి పనికొస్తుంది, ఎంత ఇస్తే మేలు, ఎంత దాటితే ప్రాణం పోతుంది అన్నది ల్యాబ్ తేల్చింది. ఈ రెండింటిలో ఏది లేకపోయినా మందు వచ్చేది కాదు.

1950ల మొదట్లో పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా అంటే దాదాపు మరణశిక్ష. ఈరోజు మంచి వైద్యం అందే దేశాల్లో వంద మంది పిల్లల్లో 90 మంది దాకా బతుకుతున్నారు. ఆ వైద్యంలో విన్‌క్రిస్టిన్ ఒక ముఖ్యమైన మందు. దానితో పాటు వాడే మెథోట్రెక్సేట్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారైంది. ఒకటి మన పెరట్లో పూసే మొక్క నుంచి, ఇంకొకటి మన తెలుగువాడి బుర్ర నుంచి వచ్చాయి. ఏ ఒక్కటీ ఒంటరిగా పిల్లల్ని కాపాడలేదు, నాలుగైదు మందుల్ని ఒక పద్ధతిలో, ఏళ్ళ తరబడి ఇస్తేనే ఆ ఫలితం వచ్చింది.

ఒక్క ఇంజెక్షన్‌కి నాలుగు కిలోల ఎండాకు

ఇక అసలు లెక్క. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తియ్యాలంటే దాదాపు 500 కిలోల ఎండిన ఆకు కావాలి. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్‌కి దాదాపు 2000 కిలోలు, అంటే రెండు టన్నులు. పెద్దవాళ్ళకి కూడా ఒక్కసారికి ఇచ్చే విన్‌క్రిస్టిన్ మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటదు. భాగిస్తే ఒక్క డోసుకి నాలుగు కిలోల ఎండాకు. పచ్చి ఆకు లెక్కలో ఇంకా ఎన్నో రెట్లు.

మరి నాలుగు కిలోల ఆకు కషాయం కాచి తాగితే? పని చెయ్యదు, పైగా ప్రమాదం. ఈ మందుని నోటి ద్వారా ఇవ్వరు, నరంలోకే ఎక్కిస్తారు. ఆకులో ఉన్నది ఒక్క విన్‌క్రిస్టిన్ కాదు. నూటికి పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. కొన్ని బీపీని దించేస్తాయి, కొన్ని విషపూరితం. ఏ మొక్కలో ఏది ఎంత ఉందో నేలని బట్టి, కాలాన్ని బట్టి, ఆకు వయసుని బట్టి మారిపోతుంది. ఆస్పత్రిలో శుద్ధి చేసిన మందుని మిల్లీగ్రాము లెక్కన ఇస్తేనే చేతులు కాళ్ళు తిమ్మిర్లెక్కడం, మలబద్ధకం లాంటి ఇబ్బందులు వస్తాయి. అందుకే ప్రతిసారీ డాక్టర్లు రక్త పరీక్ష చూసి డోసు నిర్ణయిస్తారు. కషాయంలో ఆ కొలత ఎవరు చూస్తారు?

మన దేశంలో ఈ మందులు తయారవడం వెనక కూడా తెలుగువాళ్ళ పాత్ర ఉంది. గుంటూరుకి చెందిన రసాయన శాస్త్రవేత్త ఎ.వి. రామారావు పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో ఉన్నప్పుడు బిళ్ళగన్నేరు నుంచి ఈ రెండు మందుల్ని తీసే పద్ధతిని అభివృద్ధి చేశారు. 1980లలో సిప్లా కంపెనీ దాంతో ఇక్కడే తయారీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆయన హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీకి డైరెక్టర్ అయ్యారు. ఆ సంస్థ మూలం 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన పరిశోధనాలయమే.

ఇప్పటికీ ప్రపంచం ఆకు మీదే ఆధారపడి ఉంది. 2019 నుంచి 2021 దాకా విన్‌బ్లాస్టిన్‌కి కొరత వచ్చింది. 2022లో కొందరు శాస్త్రవేత్తలు ఈస్ట్ కణాల్లో జన్యువులు మార్చి, ఈ మందుకి కావలసిన ముడి పదార్థాల్ని ట్యాంకులోనే తయారు చెయ్యొచ్చని చూపించారు. ఆ పద్ధతి ఫ్యాక్టరీ స్థాయికి వస్తే, దక్షిణ తమిళనాడు మెట్ట భూముల్లో ఈ ఆకు పండించే రైతుల గిరాకీ ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. గద్వాల ప్రాంతంలో కంపెనీల కోసం పత్తి విత్తనం పండించే రైతులకి ఈ భయం ఏంటో విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పంట కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర వాడి చేతిలోనే ఉంటుంది.

వేల మొక్కలు వెతికితే చేతికి వచ్చినవి కొన్నే

‘ఒక మొక్కలో దొరికిందిగా, అన్నింట్లో దొరుకుతుంది’ అనుకోవడం రెండో పొరపాటు. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1960 నుంచి 1980ల మొదలు దాకా ప్రపంచం నలుమూలల నుంచి వేలాది జాతుల మొక్కలు తెప్పించి లక్షకు పైగా సారాలు పరీక్షించింది. అందులోంచి పేషెంట్ దాకా చేరిన పేరున్న మందులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన టాక్సాల్ వాటిలో ఒకటి. బెరడు సేకరించింది 1962లో. అందులోని పదార్థం నిర్మాణాన్ని ప్రకటించింది 1971లో. ఆ పని చేసిన ఇద్దరిలో ఒకరైన మన్సుఖ్ వానీ మహారాష్ట్రలో పుట్టినవారు. అండాశయ క్యాన్సర్‌కి అమెరికా అనుమతి ఇచ్చింది 1992లో. మొత్తం ముప్పై ఏళ్ళు.

మన దగ్గరా వెతుకులాట ఆగలేదు. ఆలంపూర్‌కి తూర్పున కృష్ణ దాటితే నల్లమల. అక్కడి చెంచులకి తెలిసిన చెట్లూ తీగల మీద యూనివర్సిటీల్లో ఎన్నో థీసిస్‌లు వచ్చాయి. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్, నల్లజీడి గింజలోని పదార్థాలు ల్యాబ్‌లో క్యాన్సర్ కణాల మీద ప్రభావం చూపించాయని పరిశోధన పత్రాలు ఉన్నాయి. అయితే గాజు పాత్రలో కణాలు చావడం మొదటి మెట్టు మాత్రమే. బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు పోసినా ఆ కణాలు చస్తాయి. మామూలు కణాల్ని వదిలేసి క్యాన్సర్ కణాన్నే చంపాలి, తర్వాత జంతువుల్లో పనిచెయ్యాలి, తర్వాత మనుషుల్లో మూడు దశల ట్రయల్స్ దాటాలి. పేపర్లో ‘క్యాన్సర్‌కి మందు దొరికింది’ అని హెడ్డింగ్ కనపడితే, అది ఏ మెట్టు మీద ఉందో ముందు చూడాలి. ఎక్కువసార్లు అది మొదటి మెట్టే.

నల్లజీడినే చూడండి. ఉర్దూలో భిలావా. చాకలివాళ్ళు బట్టల మీద గుర్తు పెట్టేది దీని రసంతోనే. పచ్చిది ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. యునానీ హకీములు దాన్ని శుద్ధి చెయ్యకుండా వాడరు, ఆ ప్రక్రియకి తద్బీర్ అని పేరు. పాత హకీముల పుస్తకమే అంత జాగ్రత్త చెప్తుంటే, యూట్యూబ్ చూసి ఇంట్లో నూరుకోవడం ఏ వైద్యం కిందికీ రాదు.

పసుపు, కలోంజీ

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1992లో పసుపు మీద ఒక అధ్యయనం ప్రచురించింది. 16 మంది పొగతాగేవాళ్ళకి రోజుకి ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇస్తే, జన్యువుల్ని దెబ్బతీసే పదార్థాలు వాళ్ళ మూత్రంలో తగ్గాయి. మంచి సూచనే. కానీ అది 16 మంది మీద చేసిన పని. క్యాన్సర్ తగ్గిందని ఆ శాస్త్రవేత్తలు చెప్పలేదు. పసుపులోని కర్‌క్యుమిన్ మీద ఆ తర్వాత ప్రపంచవ్యాప్తంగా వేల పత్రాలు వచ్చాయి. 2017లో కొందరు రసాయన శాస్త్రవేత్తలు వందకు పైగా ట్రయల్స్‌ని కలిపి చూసి, అది ఒంటికి సరిగా పట్టదని, గట్టి ట్రయల్‌లో నెగ్గిన దాఖలా లేదని తేల్చారు. కూరలో పసుపు మానాల్సిన పని లేదు. కీమో మానేసి పసుపు గోళీలు మింగడమే ప్రమాదం.

కలోంజీ విషయం ఇంకొంచెం సున్నితం. హదీసుల్లో దానికున్న స్థానం ముస్లిం ఇళ్ళలో తెలియనివాళ్ళు ఉండరు. అందులోని థైమోక్వినోన్ మీద ల్యాబ్‌లలో చాలా పని జరిగింది, జరుగుతోంది. మనుషుల్లో క్యాన్సర్ నయం చేసిందనే రుజువు మాత్రం ఇంకా లేదు. ఈ మాట చెప్తే కొందరికి ఈమాన్‌ని ప్రశ్నించినట్టు అనిపిస్తుంది. అట్లా అనుకోనక్కర్లేదు. ఆ హదీసులోని మాట సాధారణంగా ఉన్నా దాని ఉద్దేశం కొన్ని రకాల జబ్బుల వరకేనని ఖత్తాబీ లాంటి పాతకాలం వ్యాఖ్యాతలే చెప్పారు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సహాబీ సాద్ (రజి) జబ్బు పడినప్పుడు ప్రవక్త (స) ఆయన్ని హారిస్ బిన్ కలదా అనే తబీబ్ దగ్గరికి వెళ్ళమన్నారని హదీసుల్లో ఉంది. దువా చెయ్యడం, తెలిసిన వైద్యుడి దగ్గరికి పోవడం ఒకదానికొకటి అడ్డం కాదని దీని అర్థం.

హకీంల వారసత్వం ఎవరి చేతిలో?

యునానీని, ల్యాబ్‌నీ శత్రువుల్లా చూడటం మన చరిత్రకే సరిపోదు. హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ సర్పగంధి వేరు మీద పనిచేశారు. 1931లో వేరు చేసిన పదార్థానికి ఆ హకీం సాబ్ పేరు మీదే అజ్మలీన్ అని పెట్టారు. తర్వాత అది గుండె లయ తప్పినప్పుడు వాడే మందు అయింది. తన విద్యని పరీక్షకి పెడితే పరువు పోతుందని ఆ హకీం భయపడలేదు.

పరీక్షకి పెట్టకపోతే ఏమవుతుందో పసుపు పేటెంట్ చూపించింది. 1995లో అమెరికాలోని మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రం, గాయాలకి పసుపు వాడటం తన ఆవిష్కరణ అని పేటెంట్ తెచ్చుకుంది. సీఎస్ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. సాక్ష్యంగా చూపించిన 32 పాత రచనల్లో సంస్కృతం, హిందీతో పాటు ఉర్దూవి కూడా ఉన్నాయి. ఆ తర్వాత మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీలో అరబ్బీ, ఫారసీ, ఉర్దూ యునానీ గ్రంథాల్లోని నుస్ఖాలు ఎక్కించారు. అంటే అటక మీద చెదలు పడుతున్న తాత గారి నుస్ఖాల నోటుబుక్కు చిత్తుకాగితాలకి వెయ్యాల్సిన వస్తువు కాదు.

పుస్తకంలో లేని, నోటి మాటగా నడిచే చెంచుల జ్ఞానం సంగతి వేరు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం అలాంటి జ్ఞానంతో, మొక్కలతో కంపెనీలు సంపాదిస్తే స్థానికులకి వాటా ఇవ్వాలి. 2023 సవరణ పుస్తకాల్లో నమోదైన సంప్రదాయ జ్ఞానానికీ, ఆయుష్ వైద్యులకీ ఈ వాటా నుంచి మినహాయింపు ఇచ్చింది. దీనివల్ల పరిశోధన సులువవుతుందని ప్రభుత్వం అంటోంది. అడవి బిడ్డలకి రావలసింది తగ్గుతుందని పర్యావరణ కార్యకర్తలు అంటున్నారు. నల్లమలలో రేపు ఏదైనా మందు దొరికితే ఈ గొడవే ముందుకొస్తుంది.

ఆలస్యానికి కట్టే ధర

అంతవరకు పేషెంట్ ఆగలేడు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, నయమయ్యే దశలో ఉండి కూడా ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్న క్యాన్సర్ పేషెంట్లని, మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళతో పోల్చారు. మొదటివాళ్ళలో మరణ ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయిదున్నర రెట్లకు పైనే. మన ఇళ్ళలో ఆడవాళ్ళు రొమ్ములో గడ్డ కనపడినా సిగ్గుతో నెలల తరబడి చెప్పరు. దాని మీద ఇంకో ఆర్నెల్లు కషాయాలకి పోతే మొదటి దశలో ఉన్నది మూడో దశకి చేరుతుంది.

మూలిక కదా, మేలు చెయ్యకపోయినా కీడు చెయ్యదు అన్నది కూడా నిజం కాదు. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవాళ్ళలో కొందరికి లివర్ దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. వాదన ఎట్లా ఉన్నా, కీమో నడుస్తున్నప్పుడు లివర్ మీద అసలే భారం ఉంటుంది. కాబట్టి మూలిక ఏదైనా తీసుకుంటుంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి. తిడతారని దాస్తే నష్టం పేషెంట్‌కే. డాక్టర్లు కూడా అడిగే తీరు మార్చుకోవాలి. కసురుకుంటే ఏ పేషెంటూ నిజం చెప్పడు.

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా గ్యారంటీ ఇస్తున్నారంటే, మోసమని గుర్తుపట్టడానికి ఆ ఒక్క మాట చాలు. చదువుకున్న యునానీ వైద్యులు అట్లా గ్యారంటీ ఇవ్వరు.

డబ్బు సంగతే చాలా ఇళ్ళని కషాయం వైపు తోస్తోంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెరిగింది, క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రి ప్రభుత్వానిది. ఆ పేరులోని మూడక్షరాలు మెహదీ నవాజ్ జంగ్‌వి, 1950లలో దాని స్థాపనకి పూనుకున్న హైదరాబాదీ నాయకుడు. ఆలంపూర్‌వాళ్ళకి ఒక చిక్కు ఉంది. వంతెన దాటితే కర్నూలు దగ్గర, కానీ అది వేరే రాష్ట్రం. హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల పైన. తెలంగాణ కార్డు ఎక్కడ చెల్లుతుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో ముందే కనుక్కొని బయల్దేరితే, తిరుగుళ్ళలో పోయే వారాలు మిగులుతాయి.

మసీదు కమిటీలు, జమాత్‌లు ఈ పని చెయ్యొచ్చు. జుమ్మా తర్వాత అయిదు నిమిషాలు ఆరోగ్యశ్రీ కాగితాల గురించి, గడ్డ కనపడితే ఎక్కడికి పోవాలో చెప్పొచ్చు. జకాత్, సదఖా డబ్బుల్లో కొంత పేషెంట్ల బస్సు ఛార్జీలకి, తోడు వెళ్ళేవాళ్ళ ఖర్చులకి ఇవ్వొచ్చు. చాలామంది వైద్యం మధ్యలో మానేసేది మందు దొరక్క కాదు, వారం వారం పోయి వచ్చే స్తోమత లేక.

బిళ్ళగన్నేరు ఆకు మనకి చెప్పాల్సింది డెబ్భై ఏళ్ళ కిందటే చెప్పేసింది. దాని మాట విని తయారు చేసిన మందు సీసాలో సిద్ధంగా ఉంది, దాన్ని కొలిచి ఇచ్చే డాక్టర్ ఆస్పత్రిలో ఉన్నాడు. పేషెంట్ టైముకి అక్కడికి చేరేలా చూడటమే ఇంటివాళ్ళ పని.